పసుపు బ్యాడ్జీతో బెలెంలో

ఇంటి అద్దె రాత్రికి 1,650 బ్రెజిల్ రియాళ్లు. పదమూడు రాత్రులకు 21,450. శుభ్రం చేయించినందుకంటూ మరో 800. మొత్తం 22,250 రియాళ్లు, అంటే దాదాపు 4,200 డాలర్లు. ఇంత పోసి అద్దెకు తీసుకున్న ఇంట్లో నాకు దక్కింది కిటికీ లేని గది, చెమ్మ పట్టిన గోడ, ఒక బల్ల ఫ్యాను. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు కాబట్టి ముందు అదే చెబుతాను.

2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలెం నగరంలో ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు కాప్‌30 జరిగింది. మాది బొగ్గు గనుల్లో పనిచేసే కాంట్రాక్టు కార్మికుల కోసం నడిచే చిన్న సంస్థ. పరిశీలకులకు ఇచ్చే పసుపు బ్యాడ్జీలు మాకు రెండే దక్కాయి. ఒకటి నాకు, రెండోది నాకంటే పన్నెండేళ్లు పెద్దావిడైన సహోద్యోగికి. ఆవిడను నేను అక్కా అని పిలుస్తాను. ఆవిడకు ఇది ఐదో కాప్, నాకు మొదటిది.

జులైలో గది వెతకడం మొదలుపెట్టేసరికి బెలెంలో గదుల కరువు ప్రపంచ వార్త అయి కూర్చుంది. సదస్సును వేరే నగరానికి మార్చమని కొన్ని దేశాల ప్రతినిధులే అడుగుతున్న రోజులవి. ఆ భయంలోనే డబ్బు మొత్తం ముందే కట్టాం, రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదన్న షరతుకు కూడా ఒప్పుకున్నాం. ఫోటోల్లో రెండు పడక గదులు, రెండింటిలోనూ ఏసీ ఉన్నాయి. తీరా వెళితే ఏసీ ఒక్కటే ఉంది, అది కూడా రాత్రంతా కారుతూనే ఉంటుంది. రాత్రి పది దాటితే కుళాయిలో నీళ్లు రావు. యజమానికి ఫోనులో పోర్చుగీసులోకి తర్జుమా చేసి సందేశం పంపాను. సదస్సు రోజుల్లో ఇంతకన్నా మంచిది దొరకదని జవాబు వచ్చింది. మూడో సందేశానికి జవాబు కూడా లేదు.

అక్క ఒక్క మాట అనలేదు. నా గదిలోని పరుపును తానే ఏసీ ఉన్న గదిలోకి లాక్కొచ్చి, నన్ను మంచం మీద పడుకోమని, తను నేల మీద పడుకుంది. మర్నాటికి నడుము పట్టేసింది. రెండు రోజులు పని మాటలు తప్ప మరో మాట లేదు. ఆ ఇల్లు వెతికింది నేను, డబ్బు కట్టమని తొందరపెట్టింది నేను. ఆవిడ తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

తరువాత తెలిసిందేమిటంటే, అక్టోబరు నాటికి ధరలు దిగివచ్చాయి. మా వీధిలోనే ఎదురింటి మేడ మీద గది సదస్సు రెండో వారంలో 420 రియాళ్లకు దొరుకుతోంది. పెద్ద సదస్సు జరిగే ఊళ్లో ఎవరైనా డబ్బంతా ముందే కట్టమంటే కట్టకండి. సగం కట్టి, రద్దు చేసుకునే వీలున్న గది ఒకటి పట్టుకుని, చివరి నెలలో మళ్లీ వెతకండి. ప్రతి గది వీడియో అడగండి. ఏసీ, నీళ్లు, కిటికీ, మూడూ కళ్లతో చూశాకే ఒప్పుకోండి. ప్రభుత్వం ఔటెయిరో రేవులో రెండు పెద్ద విహార నౌకలు నిలిపి గదులు ఇచ్చింది. వాటిలో దిగినవాళ్లకు వసతి బాగానే ఉందట కానీ, రేవు నుంచి సదస్సుకు దాదాపు ఇరవై కిలోమీటర్లు. చర్చలు అర్ధరాత్రి దాకా సాగే రోజుల్లో అంత దూరం నేను సలహా ఇవ్వను.

ప్రయాణం, వీసా, సదస్సుకు వెళ్లే బస్సులు, వీటిలో ఏ ఇబ్బందీ రాలేదు.

బ్యాడ్జీ సంగతి మాత్రం కొత్తవాళ్లు తెలుసుకోవాలి. వాతావరణ ఒప్పంద సచివాలయం గుర్తించిన సంస్థ తరఫున తప్ప వ్యక్తిగా ఎవరూ వెళ్లలేరు. ఆ గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టి చాలాకాలం ఆగాలి. గుర్తింపు వచ్చాక కూడా ఒక్కో సంస్థకు ఇన్ని అని బ్యాడ్జీలు కేటాయిస్తారు. పరిశీలక సంస్థలు తొమ్మిది సమూహాలుగా ఉంటాయి: పర్యావరణం, వ్యాపారం, కార్మిక సంఘాలు, స్త్రీలు, యువత, ఆదివాసులు, రైతులు, పరిశోధకులు, స్థానిక సంస్థలు. ఏదో ఒక సమూహంలో చేరి, వాళ్లు రోజూ పొద్దున పెట్టుకునే సమావేశానికి వెళ్లకపోతే ఆ రోజు ఏ గదిలో ఏం జరగబోతుందో కూడా అంతుబట్టదు. ఈసారి ఇంకొకటి కలిసింది. మన ఖర్చు ఎవరు భరిస్తున్నారో నమోదు సమయంలోనే బహిరంగంగా చెప్పాలి. మంచి నియమం, మేము సంతోషంగా చెప్పాం. కానీ దేశాల ప్రతినిధి బృందాల బ్యాడ్జీలతో వచ్చేవాళ్లకు ఇది వర్తించదు. బొగ్గు, చమురు, గ్యాసు సంస్థల తరఫు మనుషులు ఈ కాప్‌కు 1,600 మందికి పైగా వచ్చారని పౌర సంఘాలు లెక్కగట్టాయి. వాళ్లలో దేశాల బ్యాడ్జీ వేసుకున్నవాళ్లను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదన్నది నాకు మింగుడుపడలేదు.

సదస్సు ప్రాంగణం పాత విమానాశ్రయ స్థలంలో వెలసిన పార్కు. అందులో పెద్ద పెద్ద గుడారాలు వేశారు. బెలెంలో మధ్యాహ్నం వాన తప్పదు. అక్కడివాళ్లు ఎవరినైనా కలవాలంటే వాన ముందా, వాన తరువాతా అని సమయం చెప్పుకుంటారు. ఆ వాన గుడారం మీద పడితే మైకులో మాట వినపడదు.

ఇక మా అసలు పని. మేము వెళ్లింది న్యాయబద్ధ పరివర్తన చర్చల కోసం. గనులు, విద్యుత్ కేంద్రాలు మూతపడేటప్పుడు వాటి మీద బతికే మనుషులను గాలికి వదిలేయకుండా చూడటం ఎలాగన్నది అక్కడి ప్రశ్న. పరిశీలకులు ఓటు వేయరు, ప్రతిపాదన పెట్టరు. వెనక వరుసలో కూర్చుని వింటారు, అది కూడా కూర్చోనిస్తేనే. పెద్ద సభల్లో ఒక్కో సమూహానికి ఇచ్చే సమయం రెండు నిమిషాలు, ఆలస్యమైతే ఒక్క నిమిషం. అనధికారిక చర్చల్లో కనీసం మొదటిదీ చివరిదీ పరిశీలకులకు తెరవవచ్చని 2011లోనే దేశాలు అంగీకరించాయి. అయితే ఏ దేశమైనా అభ్యంతరం చెబితే తలుపు మూయాల్సిందే.

మొదటి వారంలో ఒక సాయంత్రం గదిలో పరిశీలకులం ఎనిమిది మందిమి ఉన్నాం. పత్రంలో ఇంకా ఒప్పందం కుదరక బ్రాకెట్లు మిగిలిన పేరాల దగ్గరకు రాగానే ఒక ప్రతినిధి బృందం చర్చ మూసివేయాలని కోరింది. నిర్వహిస్తున్నవారు మా వైపు చూసి తల ఊపారు. మా పక్కన ఒక పెద్దాయన ఉన్నారు, నలభై ఏళ్లు గనిలో చేసి కార్మిక సంఘం తరఫున వచ్చినవారు. ఆయన లేచి సంచి సర్దుకుంటుంటే కాపలా ఉద్యోగి వచ్చి, త్వరగా, త్వరగా అంటూ భుజం మీద చెయ్యి వేసి తలుపు వైపు నడిపించాడు. ఏ మనుషుల బతుకు గురించి మాట్లాడుతున్నారో ఆ మనిషినే గదిలోంచి పంపించారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గొడవ చేయబోతే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. బ్యాడ్జీ తీసేసుకుంటే మిగతా రోజులు కూడా పోతాయని చెప్పింది. రెండు రోజుల తరువాత ఆవిడ నాతో మాట్లాడిన మొదటి పొడవాటి మాట అదే.

తలుపు బయట ఎలా పనిచేయాలో ఆ రాత్రి ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. ఏమైందని ఎవరినీ అడగదు. అలసిపోయి బయటికొచ్చిన మనిషికి అది చికాకు తెప్పిస్తుంది. ఎన్నో పేరా దాకా వచ్చారని మాత్రం అడుగుతుంది. అంకె చెప్పడం ఎవరికీ కష్టం కాదు. అంకె చెప్పాక మనిషి నిలబడతాడు, నిలబడ్డాక రెండు మాటలు దొర్లుతాయి. ఆవిడ చేతిలో ఒకే ఒక కాగితం ఉంటుంది. అందులో మేము కోరే వాక్యం, అది ఏ పేరాలో ఎక్కడ పడాలో, అంతే. నాలుగు పేజీల వినతిపత్రం ఎవరూ చదవరు. మా కాగితం ఒక ఆఫ్రికా దేశపు ప్రతినిధి మడిచి జేబులో పెట్టుకుంటే నేను ఆ రాత్రి నిద్రపోలేదు.

తిండి సంగతికి వస్తే, ప్రాంగణం లోపల ధరలు మండిపోయాయి. ఒక దుకాణంలో రెండు చిన్న పిండివంటలు, ఒక పళ్లరసం కలిపి 92 రియాళ్లు. రెండో రోజు నుంచి బయటే తిన్నాం. బ్రెజిల్‌లో కిలో లెక్కన అమ్మే భోజనశాలలు ఉంటాయి. కావలసినవి పళ్లెంలో పెట్టుకుని తూకం వేయించుకోవాలి. కిలో 80 రియాళ్ల చోట నా పళ్లెం 420 గ్రాములు తూగింది, 33 రియాళ్ల 60 సెంటావోలు. అన్నం, చిక్కుడు గింజలు, ఆకుకూర, వేయించిన అరటి ఉంటాయి కాబట్టి శాకాహారి అయిన అక్కకు ఏ రోజూ కడుపు మాడలేదు.

వెర్ ఓ పెజో మార్కెట్టులో తిన్న అసాయీని, అంటే అక్కడి ఒక తాటిజాతి చెట్టు పండు గుజ్జును, మాత్రం మరిచిపోలేను. మనం విన్న తీపి అసాయీ కాదది. ముదురు ఊదా రంగులో, చక్కెర లేకుండా, గంజిలా చిక్కగా గిన్నెలో పోసి, పక్కన కర్రపెండలం రవ్వ, వేయించిన చేప ఇస్తారు. నాకు చేపతో, అక్కకు రవ్వతో, ఇద్దరికీ కలిపి 58 రియాళ్లు. అక్క రెండో గిన్నె అడిగింది, బెలెం వచ్చాక మొదటిసారి నవ్వింది కూడా అక్కడే. ఆ సాయంత్రమే బండి దగ్గర టకకా తాగాను. కర్రపెండలం రసంతో కాచిన వేడి పులుసు, ఎండు రొయ్యలు, జంబు ఆకు. ఆ ఆకు నమిలితే నాలుక తిమ్మిరెక్కుతుంది. ఈ సదస్సు వంటశాలల కోసం ఆగస్టులో వచ్చిన టెండరులో అసాయీని, ఈ పులుసు రసాన్ని కలుషితమయ్యే ప్రమాదం ఉందని నిషేధించారు. ఊరంతా మండిపడితే వెనక్కి తగ్గారు. ఆ ఊరికి వెళ్లి ఇవి తినకుండా వచ్చేస్తే ఆ ప్రయాణం సగమే.

నవంబరు 15న వీధుల్లో ఊరేగింపు జరిగింది. షర్మ్ ఎల్ షేక్, దుబాయ్, బాకు సదస్సుల్లో నగర వీధుల్లోకి ఇలా రావడం కుదరలేదు, 2021లో గ్లాస్గో తరువాత ఇదే. వేలాది మంది, ఎండ, డప్పులు. బొగ్గు, చమురు, గ్యాసులకు మూడు పెద్ద శవపేటికలు చేసి అంత్యక్రియలు నడిపించారు. చుట్టూ అందరూ ఉత్సాహంగా ఉన్నారు. అక్క మాత్రం బొగ్గు పేటిక వెనక నడుస్తూ, "దీని వెనక ఏడ్చేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల కోసమే మనం వచ్చాం" అంది. మా రెండు వారాల పనిని అంతకంటే సూటిగా నేను చెప్పలేను.

20న మధ్యాహ్నం రెండు గంటల వేళ ప్రాంగణంలో మంటలు లేచాయి. అందరినీ బయటికి పంపేశారు. కొందరికి పొగ పీల్చి చికిత్స అవసరమైంది. మేము క్షేమంగా బయటపడ్డాం కానీ అక్క మందులున్న సంచి లోపలే ఉండిపోయింది. రాత్రి తొమ్మిది కావస్తుండగా తిరిగి తెరిచారు. మందులు, పాస్‌పోర్టు ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి.

చర్చలు 21న ముగియాలి, ముగియలేదు. అంతకు ముందు ఏడు బాకులో కూడా ఒక రోజుకు పైగా సాగాయని అక్క జులైలోనే హెచ్చరించింది, నేను 22 పొద్దుటి విమానానికే టికెట్లు కొన్నాను. ఇద్దరికీ తేదీ మార్చడానికి 1,480 రియాళ్లయింది. తిరుగు టికెట్టు ముగింపు తేదీకి రెండు రోజుల తరువాతే కొనాలి.

22న ముగింపు సభ. కొలంబియా అభ్యంతరంతో కొంతసేపు ఆగింది. ఎనభైకి పైగా దేశాలు కోరినా శిలాజ ఇంధనాల నుంచి బయటపడే మార్గపటం ప్రధాన నిర్ణయంలోకి రాలేదు. అది నన్ను బాధించింది. కానీ న్యాయబద్ధ పరివర్తనకు ఒక అంతర్జాతీయ యంత్రాంగం ఏర్పాటు చేయాలన్న నిర్ణయం వచ్చింది. కార్మిక సంఘాలు, స్త్రీలు, యువత, పర్యావరణ బృందాలు ఒక్క గొంతుతో అడిగినది, అభివృద్ధి చెందుతున్న దేశాల కూటమి జీ77 గదిలో పట్టుబట్టినది. దానికి కొత్త నిధి ఏదీ జతచేయలేదు. అయినా సదస్సు అధ్యక్షుడి సుత్తి పడినప్పుడు, ఆ సాయంత్రం గదిలోంచి పంపేసిన ఆ పెద్దాయన వెనక వరుసలో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అక్క వెళ్లి ఆయన పక్కన నిలబడింది.

అదనపు రాత్రికి మా యజమాని మళ్లీ 1,650 అడిగాడు. ఎదురింటి మేడ మీదికి మారాం. 420 రియాళ్లు. కిటికీ ఉంది, ఏసీ కారలేదు, పన్నెండు గంటలప్పుడు కూడా నీళ్లు వచ్చాయి.

సావో పాలో దాకా మూడున్నర గంటల విమానంలో అక్క ఆ నిర్ణయాన్ని గని కార్మికుల కోసం తెలుగులో రాయడం మొదలుపెట్టింది. సగం పేజీ రాశాక కలం ఆగింది. యంత్రాంగం అన్న మాటను గీత గీసి కొట్టేసింది. "ఆ మాట వింటే మనవాళ్లకు అధికారులే గుర్తొస్తారు, భయపడతారు. ఇంకో మాట చెప్పు" అంది. కిందికి దిగేదాకా ఇద్దరం వెతుకుతూనే ఉన్నాం.