జెనిత్ విమానం కడుతూ వాడిన రివెట్ గన్‌లు: గాలిదా, చేతిదా?

జడ్చర్ల దగ్గర షెడ్డులో జెనిత్ సీహెచ్ 750 కిట్టు, అంటే విడిభాగాలుగా వచ్చే చిన్న విమానం, కడుతున్నాం. తోక, రెక్కలు అయిపోయాయి, బాడీ నడుస్తోంది. ఈ విమానంలో దాదాపు అంతా పాప్ రివెట్ పనే, అంటే రేకుకి ఒకవైపు నుంచే గన్‌తో పిన్ను లాగి తెంపి బిగించే రివెట్లు, అదీ వేలల్లో.

గన్ కొనేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు చూసేది దాని ముక్కు, అంటే రివెట్టు తల మీద ఆనే కొస. జెనిత్‌లో వాడే ఎవెక్స్ రివెట్ల తల కౌంటర్‌సంక్ ఆకారంలో, అంటే పైన చదునుగా, కిందికి ఏటవాలుగా ఉంటుంది. లోపల గుంట తీసిన ముక్కుతో లాగితే ఆ తల గుండ్రంగా మారి రేకు మీద గట్టిగా కూర్చుంటుంది. చదును ముక్కుతో అలా రాదు. 3.2 మిల్లీమీటర్ల రివెట్టుకి ఒకటి, 4 మిల్లీమీటర్ల దానికి ఒకటి కావాలి. సికింద్రాబాద్ రాణీగంజ్ షాపుల్లో ఏ గన్ చూపించినా సరే, ఈ ముక్కులు దాని మరకి పడతాయా అని బిగించి చూశాకే బేరం మొదలుపెట్టండి.

మేం ఎక్కువగా వాడింది గాలి, ఆయిల్ కలిసి పనిచేసే గన్. కంప్రెషర్‌లో 90 పీఎస్ఐ గాలి ఒత్తిడి ఉంటే చాలు. ఒక్కో రివెట్టుకి తీసుకునే గాలి తక్కువ, కాబట్టి కరెంటు పోయినా ట్యాంకులో ఉన్నదానితో కాసేపు పని సాగుతుంది. చెయ్యి నొప్పి పుట్టకపోవడం ఒక లాభమే గానీ, మా పాలమూరు ఎండల్లో అసలు లాభం వేగం. రెండు మీటర్ల అల్యూమినియం రేకు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.9 మిల్లీమీటర్లు సాగుతుంది. ఎండ ఒకవైపు నుంచి ఎక్కేలోపే వరస ముగించాలి. పొద్దున్నే క్లీకోలు (రివెట్టు వేసేదాకా రేకుల్ని కలిపి పట్టుకునే తాత్కాలిక పిన్నులు) పెట్టుకుని మొదలుపెడితే చల్లగా ఉన్నప్పుడే అయిపోతుంది. చేతి గన్‌తో అది కుదరదు.

చేతి గన్ మాత్రం పారేయకండి. రిబ్బు (రెక్క లోపలి అడ్డపట్టీ) మూలల్లో, ఫ్లాంజ్ (రేకు మడత అంచు) పక్కన గాలి గన్ లావుపాటి తల దూరదు. ఏటవాలుగా పెట్టి లాగితే రివెట్టు తల ఒకవైపు లేచే ఉంటుంది. మిర్యాలగూడలో లారీ బాడీలు కట్టిన మేస్త్రీ మాతో ఉన్నాడు. ప్రతి రివెట్టు తల కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పరికరం) సన్నటి ఆకు దూర్చి చూస్తాడు. అది దూరిందంటే, "సార్, కూసోలే, తీసేద్దాం" అంటాడు. సెంటర్ పంచ్‌తో పిన్ను లోపలికి కొట్టి, తల వరకే డ్రిల్ చేసి తీస్తాం. రంధ్రం పెద్దదైతే పై సైజు రివెట్టు వేయాల్సి వస్తుంది, రంధ్రం నుంచి రేకు అంచుకి దూరం సరిపోతుందో మళ్లీ చూసుకోవాలి.

బ్యాటరీ గన్ కూడా వాడి చూశాను. పైపు లాక్కుంటూ తిరిగే పని లేదు, అది బాగుంది. కానీ ముందువైపు బరువు, పైగా మా గుంట ముక్కులు దానికి పడలేదు.

గాలి గన్ ఒకే లాగుడులో పిన్ను తెంపకుండా రెండోసారి అడుగుతోందంటే ముందు ఆయిల్ చూడండి, అది తగ్గితే లాగే పొడవూ తగ్గుతుంది. ఆయిల్ నిండుగా ఉండి కూడా పిన్ను జారుతుంటే జాస్ (గన్ లోపల పిన్నుని పట్టి లాగే దవడలు) పళ్లలో లోహపు పొడి ఇరుక్కుని ఉంటుంది. విప్పి, కిరోసిన్‌లో బ్రష్ చేస్తే సరిపోతుంది. వానాకాలం కంప్రెషర్ ట్యాంకులో నీళ్లు రోజూ వదలాలి, లేకపోతే గన్ లోపల తుప్పు మొదలవుతుంది. పళ్లు అరిగిపోతే మాత్రం మార్చాల్సిందే, అందుకే డబ్బులు కట్టకముందే ఆ మోడల్‌కి జాస్ విడిగా ఇస్తారా అని షాపులో అడిగి, ఒక సెట్టు అప్పుడే తెచ్చుకోండి.