రైతు వేదిక సలహా చేనుదాకా పోతోందా? వరంగల్ పత్తి పంట మీద ఒక సమీక్ష

తెలంగాణలో రైతులకు సాగు సలహాలు, శిక్షణ ఇచ్చే రైతు వేదికలు 2,601 ఉన్నాయి. దాదాపు 5,000 ఎకరాలకు ఒక క్లస్టర్, దానికొక ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి). ఏర్పాటు బాగుంది, దీనికి మంచి మార్కులే వేస్తాం. లోటు కొలతలో ఉంది. ఎంతమంది వచ్చారు, ఎన్ని మట్టి పరీక్ష కార్డులు పంచారు అన్న లెక్కలో పంట కనబడదు.

పత్తినే తీసుకోండి. ఎకరాకు సిఫారసు 60 కిలోల నత్రజని, 24 భాస్వరం, 24 పొటాష్. భాస్వరం మట్టిలో కదలదు, కాబట్టి మొత్తం దుక్కిలోనే పడాలి. బస్తా డీఏపీతో 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని వస్తాయి. మిగతా నత్రజనికి 45 కిలోల యూరియా బస్తాలు రెండున్నర చాలు, 20, 40, 60, 80 రోజులకు నాలుగు దఫాలుగా. శిక్షణ పనిచేసిందో లేదో తేలాలంటే రైతును ఒక్క మాట అడగండి: "డీఏపీ ఎప్పుడు వేశారు?" పంట మొలిచాక పైపాటుగా అన్నారంటే సలహా వేదిక గడప దాటలేదు. మీటింగుకు వచ్చిన పదిమందినీ, అదే నేల, అదే నీటి వసతి ఉన్న రాని పదిమందినీ అడిగితేనే తేడా తెలుస్తుంది.

మట్టి పరీక్ష కార్డుతో ఒక జాగ్రత్త. ఈ కార్డుల పథకం మొదలైనప్పటి గ్రిడ్ (పొలాలను గళ్లుగా విడదీసే) పద్ధతిలో నీటి వసతి ఉన్న నేలకు 2.5 హెక్టార్లకు, మెట్టకు 10 హెక్టార్లకు ఒకే నమూనా. కార్డు మీ పేరున ఉన్నా మట్టి పక్క చేనుది కావచ్చు. అందుకే నమూనా ఎక్కడ తీశారో తప్పక అడగాలి. గట్టు పక్కన, పెంటకుప్ప దగ్గర తీస్తే ఆ అంకెలు పనికిరావు.

అన్నిటికంటే బలహీనంగా ఉండేది గులాబీ రంగు పురుగు నిఘా. మగ పురుగులను వాసన ఎరతో పట్టే లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితే మందు కొట్టాలి. లేదా 20 పచ్చికాయలు కోసి చీల్చండి, రెండింట్లో పురుగుంటే పదిశాతానికి చేరినట్టే, ఆగొద్దు. ఎర పాతబడితే బుట్ట ఖాళీగా ఉంటుంది, రిజిస్టర్లో "పురుగు లేదు" అని ఎక్కుతుంది, కాయలో మాత్రం పురుగు తింటూనే ఉంటుంది. ఎర మార్చిన తేదీ రాయని రిజిస్టర్‌ను నమ్మి మందు ఆపకండి, కాయ చీల్చి చూడండి.