గుండె దడకి మాత్రలా, అబ్లేషనా?

అమలాపురంలో ఈసీజీ తీస్తే నార్మల్, ఇంటికొచ్చి కొబ్బరితోటలో నాలుగడుగులు వేస్తే మళ్ళీ దడదడ, ఇలా ఏడాది తిరిగాక 24 గంటల హోల్టర్ (రోజంతా గుండె లయని రికార్డు చేసే చిన్న పరికరం) పెడితేగానీ నాన్నకి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే జబ్బు) అని తేలలేదు.

మాత్రలు మొదలుపెట్టడం తేలిక, ఖర్చంతా ఒక్కసారే మీద పడదు. కానీ గుండె లయని సరిచేసే అమియోడరాన్ వాడితే థైరాయిడ్, లివర్ పరీక్షలు తప్పవు. స్ట్రోక్ రాకుండా రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ అయితే ఐఎన్ఆర్ (రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష అంకె) మామూలుగా 2కీ 3కీ మధ్య ఉండాలి, ఓ రోజు గోంగూర గిన్నెడు తిని వారం మానేస్తే అది కాస్తా తారుమారు. ఆకుకూర మానక్కర్లేదు, ఎప్పుడూ ఒకే మోతాదులో తింటే చాలు. ఈ ముక్క ముందే ఎవరూ చెప్పక నాన్న ఆరు నెలలు తోటకూర కూడా ముట్టలేదు, పాపం.

అబ్లేషన్‌లో తొడ దగ్గరి సిర గుండా సన్నటి గొట్టం పంపి, ఊపిరితిత్తుల సిరలు ఎడమ కర్ణికలో కలిసే చోట వేడితోనో చలితోనో తప్పుడు సంకేతాలకు అడ్డుకట్ట వేస్తారు. మొదటి 2, 3 నెలల్లో దడ మళ్ళీ వచ్చినా ఫెయిలైనట్టు కాదు. కొందరికి రెండోసారి చేయాల్సి వస్తుంది, రక్తం పలచబడే మందు స్ట్రోక్ రిస్క్‌ని బట్టి కొనసాగుతుంది.

మాత్రలకి లొంగని దడైతే నా ఓటు అబ్లేషన్‌కే. ఆలస్యం చేయకుండా ఎలక్ట్రోఫిజియాలజిస్టుని (గుండె లయ జబ్బులు చూసే డాక్టర్ని) కలవండి, దడ వచ్చినప్పుడు తీసిన ఈసీజీ కాగితం ఒక్కటున్నా తప్పకుండా పట్టుకెళ్ళండి.