పానా పట్టుకున్నవాడి కళ్లతో టైగర్ మాత్

టైగర్ మాత్ అనే పాతకాలపు, పైకప్పు లేని రెండు సీట్ల విమానం మీద కనబడే రివ్యూలు దాదాపు అన్నీ అందులో తిరిగొచ్చినవాళ్లు రాసినవే. తోలు టోపీ, కళ్లకు గాగుల్స్, ఒక సెల్ఫీ, ‘అద్భుతం’ అని ఒక ముక్క. నేను ఇంగ్లండ్‌లో ఒక గడ్డి రన్‌వే పక్కన షెడ్డులో ఆ విమానాన్ని విప్పి, బిగించి, తుడిచే బ్యాచ్‌లో ఒకణ్ణి. పని బాగా కుదిరినప్పుడు ఎక్కించుకుని తిప్పుతారు కూడా.

తీర్పు ముందే చెప్పేస్తా. ఎక్కడికైనా వెళ్లడానికి ఇది శుద్ధ దండగ. గంటకు 80, 85 మైళ్లు పోతుంది, ఎదురుగాలి ఉంటే కింద మోటార్‌వే మీద కార్లు మనల్ని దాటేస్తుంటాయి. చలికి ముక్కు మొద్దుబారుతుంది. కానీ విమానం నడపడం నేర్పడానికి మాత్రం దీన్ని మించిన పంతులు నాకు తెలిసి లేడు. దీంట్లో ఉన్న ప్రతి ఇబ్బందీ ఏదో ఒకటి నేర్పుతుంది.

పుట్టుకే బడి కోసం. బ్రిటన్ విమాన కంపెనీ డి హావిలాండ్ వాళ్లు తమ పాత మోడల్ మాత్‌ని మార్చి చేశారు, 1931 అక్టోబరు 26న మొదటిసారి ఎగిరింది. పాతదాంట్లో ముందు సీటుకు సరిగ్గా పైనే రెక్క, అందులో పెట్రోలు ట్యాంకు. పారాచూట్ కట్టుకున్న ఇన్‌స్ట్రక్టర్ ప్రమాదంలో దూకాలంటే తల దానికే తగులుతుంది. అందుకని పైరెక్కను ముందుకు జరిపారు. జరిపితే బ్యాలెన్సు పోయింది. దాన్ని సరిచేయడానికి రెక్కల్ని కాస్త వెనక్కి వాల్చారు. ఫొటోల్లో అందరూ మెచ్చుకునే ఆ వాలు వెనక కథ ఇంతే.

ఇక స్టార్టింగ్. బ్యాటరీ లేదు, స్టార్టర్ లేదు. ఇంజన్ జిప్సీ మేజర్, 130 హార్స్ పవర్, నాలుగు సిలిండర్లూ తలకిందులుగా ఉంటాయి. ప్రొపెల్లర్ ఎత్తులో ఉండాలి, ముక్కు మీదుగా పైలట్‌కి చూపు ఆనాలి అని అలా పెట్టారు. దానివల్ల వచ్చే తలనొప్పి మాది. రాత్రంతా నిలబెడితే నూనె మెల్లగా కింది సిలిండర్లలోకి దిగుతుంది. పొద్దున్నే స్విచ్‌లు ఆఫ్‌లో ఉన్నాయని చూసుకుని ప్రొపెల్లర్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా ఆగిందా, బలం చూపించకూడదు. ప్లగ్గు విప్పి నూనె వంచేయాలి, లేకపోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తర్వాత కార్బ్యురేటర్ మీద చిన్న మీట నొక్కిపట్టి, పెట్రోలు చుక్కలు కారేదాకా ఆగాలి. మాగ్నెటో, అంటే ఇంజన్‌కి నిప్పురవ్వ ఇచ్చేది, దాని స్విచ్‌లు కాక్‌పిట్ బయటివైపు ఉంటాయి, ప్రొపెల్లర్ తిప్పేవాడికి కనబడేలా. ఈ ఒక్క ఏర్పాటుకి నా తరఫున ఫుల్ మార్కులు. లోపలివాడు ‘కాంటాక్ట్’ అంటాడు, అంటే స్విచ్‌లు ఆన్ అని, మనం బ్లేడు లాగి వెంటనే వెనక్కి తప్పుకుంటాం. వేళ్లు బ్లేడు అంచుకు చుట్టి పట్టుకునేవాణ్ణి మా షెడ్డులో ఎవరూ ఆ పనికి రానివ్వరు.

బ్రేకులు లేవు. తోక కింద చక్రం బదులు స్కిడ్ అనే బద్ద ఉంటుంది, గడ్డిని గీరుకుంటూ అదే ఆపుతుంది. నేల మీద తోక కిందికి, ముక్కు పైకి ఉంటుంది కాబట్టి ముందు ఏముందో కనబడదు, అటూ ఇటూ పాములా మెలికలు తిరుగుతూ పోవాలి. గాలి ఎక్కువుంటే మాలో ఒకడు రెక్క చివర పట్టుకుని పక్కన పరిగెత్తాలి. జిమ్ డబ్బులు మిగిలాయనుకోవడమే.

విద్యార్థి కూర్చునేది వెనక సీట్లో. ముందు సీటు ఇన్‌స్ట్రక్టర్‌ది, ఒక్కరే ఎగిరినా వెనకే కూర్చోవాలి. పాత పద్ధతిలో ఇద్దరి మధ్యా మాటలు ఒక గొట్టంలోంచి, స్టెతస్కోపు లాంటిదే అది. ఎయిలరాన్లు, అంటే విమానాన్ని పక్కకి వాల్చే పలకలు, కింది రెక్కలకే ఉంటాయి, బద్ధకంగా పనిచేస్తాయి. చేతిలోని కంట్రోల్ కర్ర వంచేసి, కాళ్లతో తిప్పే తోక చుక్కాని రడ్డర్‌ని పట్టించుకోకపోతే విమానం పక్కకి జారుతుంది, జారిన సంగతి చెప్పడానికి మీటర్ అక్కర్లేదు, ఎటు జారితే ఆ చెంప మీద చలిగాలి ఈడ్చి కొడుతుంది. సెస్నా లాంటి ఇప్పటి చిన్న విమానాల్లో నేర్చుకున్నవాళ్లు కాళ్లకు పని చెప్పడం ఇక్కడికొచ్చి మొదలెట్టడం చాలాసార్లు చూశాను.

ఎనిమిది వేల పైచిలుకు తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కార్లు చేసే మోరిస్ కంపెనీ కూడా ఆక్స్‌ఫర్డ్ దగ్గర కౌలీలో వీటిని చేసింది. మన బేగంపేటలో కూడా అప్పట్లో శిక్షణ వీటి మీదే. 1940లో బ్రిటన్‌లో జర్మన్లు దిగితే బాంబులు తగిలించి వీటినే పంపాలని కూడా ప్లాన్ వేశారు, పంపే అవసరం రాలేదు కాబట్టి సరిపోయింది. 1950 నుంచి రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో చిప్‌మంక్ అనే కొత్త శిక్షణ విమానం వచ్చి దీన్ని పక్కకు జరిపింది. అయినా ఖాళీగా ఉండలేదు, గ్లైడర్లు లాగింది, న్యూజిలాండ్ కొండల మీద ముందు సీటు తీసేసి ఎరువుల తొట్టి పెడితే అదీ మోసింది.

డబ్బు పెట్టాలనుకునేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా చదవండి. బాడీ ఉక్కు గొట్టాలు, రెక్కలు కర్ర, మీద గుడ్డ, గుడ్డ మీద డోప్, అంటే దాన్ని బిగించే వార్నిష్ లాంటి పూత. గుడ్డ చిరిగితే కనబడుతుంది, అదంత భయం లేదు. కనబడనివి టై రాడ్లు, అంటే కింది రెక్కల్ని బాడీ అడుగున అడ్డంగా కలిపి పట్టుకునే ఉక్కు కడ్డీలు. 2013 డిసెంబరులో ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరం దగ్గర ఒక టైగర్ మాత్ గాల్లోనే విరిగిపోయి ఇద్దరు పోయారు. ఆ రాడ్లు ఫెటీగ్ పగుళ్లతో, అంటే పదే పదే పడే ఒత్తిడికి వచ్చే పగుళ్లతో, విరిగాయని దర్యాప్తులో తేలింది. అవి మొదటి తయారీదారు చేసినవి కావు. మాకూ ఒకసారి ఒక సరఫరాదారు నుంచి సర్టిఫికెట్ లేని బోల్టులొచ్చాయి. ఫోన్ చేస్తే ‘అన్నీ ఒకటేనండీ’ అన్నాడు. మా చీఫ్ ఇంజనీర్ గారు ఆ పెట్టె తెరిచింది తెరిచినట్టే వెనక్కి పంపించేశారు.

సరదాకి ఒక రౌండు ఎక్కుతానంటే నిరభ్యంతరంగా ఎక్కండి. గ్లవ్స్ వేసుకోండి, జేబుల్లో నాణేలు, పెన్నులు కిందే వదిలేయండి, కాళ్ల దగ్గర కంట్రోల్ కేబుళ్లు ఉంటాయి. కొంటానంటే మాత్రం గంటకు 30 లీటర్ల దరిదాపు పెట్రోలు, పైన నూనె, దానిపైన మాలాంటివాళ్ల జీతాలు లెక్కేసుకోండి. ఇంజన్ స్టార్ట్ చేసి వినిపించకముందే రిపేర్లన్నీ రాసి ఉంచే లాగ్‌బుక్ అడగండి. టై రాడ్లు ఎప్పుడు మార్చారు, ఎవరు చేసినవి, కాగితం ఏది? అమ్మేవాడు నీళ్లు నమిలితే, ఇచ్చిన టీ తాగేసి వచ్చేయండి.