మైనస్ వోల్టేజ్ కావాలంటే ఏది మేలు: చార్జ్ పంపా, ఇండక్టరా, వర్చువల్ గ్రౌండా?

సప్లై చూస్తే ఒక్క 5 వోల్టులే. ఆప్-ఆంప్‌కి (సిగ్నల్‌ని పెంచే చిప్) మాత్రం కింద మైనస్ 5 కూడా కావాలి. దీనికి దారులు చాలా ఉన్నాయి. ఎంపిక చేసేటప్పుడు నేను మొట్టమొదట చూసేది కరెంట్. ఆ మైనస్ రైలు (మైనస్ సప్లై లైను) నుంచి ఎన్ని మిల్లీఆంపులు లాగుతామో తేలితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం నాయిస్, అంటే సప్లై నుంచి సిగ్నల్‌లోకి చొరబడే అలజడి.

అంతకన్నా ముందు, మైనస్ నిజంగా కావాలా అన్నది చూసుకోవాలి. ఆడియోలాగా కెపాసిటర్ గుండా వచ్చే సిగ్నల్ అయితే, బ్యాటరీ మీద నడిచే విడి పరికరం అయితే వర్చువల్ గ్రౌండ్ చాలు. 9 వోల్టులను రెండు సమాన రెసిస్టర్లతో సగానికి విడగొట్టి, మధ్య బిందువుకి ఒక ఆప్-ఆంప్ బఫర్ పెడితే 4.5 వోల్టుల దగ్గర మన 'సున్నా' తయారవుతుంది. టీఎల్ఈ2426 అనే చిప్ ఇదే పనిని 20 మిల్లీఆంపుల దాకా ఒక్కటే చేసిపెడుతుంది. స్విచింగ్ లేదు కాబట్టి స్విచింగ్ నాయిస్ ఉండదు. చిక్కల్లా ఇంకో బోర్డుతో కలిపినప్పుడే. అవతలి బోర్డు గ్రౌండ్ బ్యాటరీ మైనస్ దగ్గర ఉంటుంది, మనది దానికి 4.5 వోల్టులు పైన. రెండూ ఒకే సప్లై మీద ఉండగా సిగ్నల్ కేబుల్ షీల్డ్‌తో వాటిని కలిపేస్తే షార్ట్ అవుతుంది. అసలు గ్రౌండ్‌కి అటూ ఇటూ ఊగే డీసీ సిగ్నల్‌ని కొలవాలన్నా ఇది పనికిరాదు. అక్కడ నిజమైన మైనస్సే కావాలి.

కొద్ది కరెంట్‌కి నా ఓటు చార్జ్ పంప్‌కే. పనితీరు సులువు: ఒక కెపాసిటర్‌ని 5 వోల్టుల మీద చార్జ్ చేసి, అక్కడి నుంచి విడదీసి, దాని ప్లస్ కాలుని గ్రౌండ్‌కి తగిలిస్తే రెండో కాలు మైనస్ 5కి దిగుతుంది. ఆ చార్జ్ అవుట్‌పుట్ కెపాసిటర్‌లోకి వెళ్తుంది. ఐసీఎల్7660 అనే చార్జ్ పంప్ చిప్‌కి బయట కావాల్సింది రెండు 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్లే. ఇండక్టర్ లేదు, ఫీడ్‌బ్యాక్ లెక్కలు లేవు.

అయితే ఇది రెగ్యులేటర్ కాదన్నది మరిచిపోకూడదు. 5 వోల్టుల మీద దీని అవుట్‌పుట్ రెసిస్టెన్స్ సుమారు 55 ఓములు. 10 మిల్లీఆంపులు లాగితే మైనస్ 5 కాస్తా మైనస్ 4.45 అవుతుంది, 20 లాగితే మైనస్ 3.9కి వచ్చేస్తుంది. కెపాసిటర్ పెద్దది వేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ లోపలి ఆసిలేటర్ 10 కిలోహెర్ట్జ్, పంప్ నడిచేది అందులో సగంతో, అంటే 5 కిలోహెర్ట్జ్. ఆ వేగంలో 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ వాటా 20 ఓములే. మిగతాది ఎక్కువగా లోపలి స్విచ్‌లది. 100 మైక్రోఫారడ్లు పెట్టినా తగ్గేది ఆ 20 ఓముల్లోనే. అంతకు మించి కరెంట్ కావాలంటే ఎల్‌టీ1054 అనే చార్జ్ పంప్ చిప్ చూడండి. అది 100 మిల్లీఆంపులు ఇస్తుంది, 15 వోల్టుల దాకా తట్టుకుంటుంది. మామూలు 7660కి ఇన్‌పుట్ హద్దు దాదాపు 10 వోల్టులే. రెగ్యులేషన్ లేని 9 వోల్టుల అడాప్టర్ లోడ్ లేనప్పుడు ఆ హద్దు సులభంగా దాటేస్తుంది.

ఇక నాయిస్. 5 కిలోహెర్ట్జ్ అంటే చెవికి బాగా వినబడే చోటు. ఆడియో బోర్డులో సన్నటి ఈల వస్తోందంటే ముందు దీన్నే అనుమానించాలి. బూస్ట్ పిన్ ఉన్న రకాల్లో ఆ పిన్‌ని ప్లస్‌కి కలిపితే పంప్ వేగం పెరిగి వినికిడి హద్దు దగ్గరికో, దాన్ని దాటో పోతుంది. ఆప్-ఆంప్ సప్లై రిపుల్‌ని (వోల్టేజ్‌లో ఎగుడుదిగుళ్లని) బాగానే అణిచేస్తుంది కదా అని ధీమాగా ఉండొద్దు, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ శక్తి తగ్గిపోతుంది. నేనైతే మైనస్ దారిలో 10 ఓముల రెసిస్టర్, దాని తర్వాత 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ తప్పకుండా పెడతాను. 5 కిలోహెర్ట్జ్ రిపుల్ దాదాపు 30 వంతుల్లో ఒక వంతుకి పడిపోతుంది. 10 మిల్లీఆంపుల దగ్గర పోయేది 0.1 వోల్టే.

555 టైమర్, రెండు డయోడ్లతో కూడా ఇదే పంప్ కట్టొచ్చు. 12 వోల్టుల మీద మైనస్ 9 దగ్గర వస్తుంది. 5 వోల్టుల మీద మాత్రం టైమర్ సగం, డయోడ్లు సగం మింగేసి మైనస్ 2 మిగిలితే గొప్ప.

వంద మిల్లీఆంపులు దాటినా, మైనస్ కచ్చితంగా నిలబడాలన్నా, 5 నుంచి మైనస్ 12 లాంటిది రావాలన్నా ఇండక్టర్ తప్పదు. ఎంసీ34063 అనే స్విచింగ్ చిప్‌తో, ఇండక్టర్ వాడి మైనస్ తీసే సర్క్యూట్ ఎప్పటి నుంచో వాడుకలో ఉంది. ఎల్ఎం2596 లాంటి మామూలు బక్ (వోల్టేజ్ తగ్గించే) మాడ్యూల్‌ని కూడా ఇలా మార్చుకోవచ్చు. సప్లై ప్లస్ మాడ్యూల్ ఇన్‌పుట్ ప్లస్‌కే వెళ్తుంది. సప్లై మైనస్, అంటే మన గ్రౌండ్, మాడ్యూల్ అవుట్‌పుట్ ప్లస్‌కి వెళ్తుంది. మాడ్యూల్ మైనస్ టెర్మినల్ మన మైనస్ రైలు అవుతుంది.

వైర్లు మార్చగానే లెక్కలూ మారిపోతాయి. చిప్ మీద పడేది ఇన్‌పుట్, అవుట్‌పుట్ వోల్టేజీల మొత్తం. 12 నుంచి మైనస్ 12 తీస్తే 24 వోల్టులు, ఫర్వాలేదు. 24 నుంచి మైనస్ 24 తీస్తే 48, 40 వోల్టుల చిప్ కాలిపోతుంది. మాడ్యూల్ ఇన్‌పుట్ కెపాసిటర్ రేటింగ్ కూడా ఈ మొత్తానికి సరిపోవాలి. కరెంట్ సంగతీ అంతే: 12 నుంచి మైనస్ 12 తీసేటప్పుడు ఇండక్టర్‌లో సగటున లోడ్ కరెంట్‌కి రెట్టింపు పారుతుంది, 5 నుంచి మైనస్ 12 అయితే దాదాపు 3.4 రెట్లు. 3 ఆంపుల మాడ్యూల్ కదా అని 3 ఆంపులు ఆశించకూడదు. పైగా అవుట్‌పుట్‌కి కరెంట్ విడతలు విడతలుగా చేరుతుంది కాబట్టి రిపుల్ ఎక్కువ, ఈఎస్ఆర్ (లోపలి రెసిస్టెన్స్) తక్కువ ఉన్న మంచి కెపాసిటర్ కావాలి. ఆ రిపుల్ కుదరదంటే స్లోబోడాన్ చుక్ 1970ల్లో రూపొందించిన కన్వర్టర్ ఉంది. రెండు ఇండక్టర్లతో అటు ఇన్‌పుట్, ఇటు అవుట్‌పుట్ రెండు కరెంట్లూ నునుపుగా ఉంటాయి.

ఐసోలేటెడ్ (ఇన్‌పుట్, అవుట్‌పుట్ గ్రౌండ్లు కలవని) డీసీ-డీసీ మాడ్యూల్ అన్నిటికన్నా సులువు: దాని అవుట్‌పుట్ ప్లస్‌ని గ్రౌండ్‌కి కలిపితే చాలు. రెగ్యులేషన్ లేని రకమైతే లోడ్ మరీ తక్కువ ఉన్నప్పుడు వోల్టేజ్ పెరుగుతుంది, అది చూసుకోండి.

ఏ దారి పట్టినా మైనస్ రైలు సాధారణంగా ప్లస్ కన్నా కాస్త ఆలస్యంగా లేస్తుంది. ఆ కొద్ది సేపట్లో లోడ్ కరెంట్ మైనస్ పిన్‌ని గ్రౌండ్ పైకి లాగకుండా ఒక షాట్కీ డయోడ్ పెట్టాలి: ఆనోడ్ మైనస్ రైలుకి, కాథోడ్ గ్రౌండ్‌కి. మైనస్ రైలుకీ గ్రౌండ్‌కీ మధ్య ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు అమర్చేటప్పుడు ప్లస్ కాలు గ్రౌండ్ వైపు ఉండాలి. అలవాటులో చెయ్యి రెండో వైపే పోతుంది, పవర్ ఇచ్చే ముందు ఒక్కొక్కటీ చూసుకోండి.