ఫీజు మాఫీ, స్కాలర్‌షిప్, లోన్: పేదింటి పిల్లలకి ఏది మేలు?

గవర్నమెంట్ యూనివర్సిటీల్లో ఫీజు మొత్తం ఎత్తేయాలా, లేనివాళ్ళకి మాత్రం స్కాలర్‌షిప్ ఇస్తే చాలా, లేకపోతే ఉద్యోగం వచ్చాక కట్టుకునే లోన్ పెడితే సరిపోతుందా? ఎక్కడైనా ఫీజులు పెరిగిన వార్త వస్తే చాలు, నన్ను ఇదే అడుగుతారు. ఒక్కొక్కళ్ళకి విడిగా చెప్పేకంటే ఒకేసారి రాసేస్తున్నా.

చాలామంది ఎందులో ఎంత డబ్బు మిగులుతుందో చూస్తారు. నేను మొదట చూసేది, ఆ సాయం వస్తుందని ఇంట్లోవాళ్ళకి ఎంత ముందుగా, ఎంత గట్టిగా తెలుస్తుందనేది. వచ్చే నెల అద్దెకే తడుముకునే ఇంట్లో "రావచ్చు" అన్న మాట నమ్ముకుని పిల్లని నాలుగేళ్ళ చదువుకి పంపలేరు కదా.

దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీది, అదీ గవర్నమెంట్ యూనివర్సిటీయే. 2015లో ఆ రాష్ట్రంలో బాగా చదివే పేద పిల్లలున్న స్కూళ్ళని రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో పిల్లలకి "నువ్వు అప్లై చేసి సీటు తెచ్చుకుంటే నాలుగేళ్ళూ ట్యూషన్ ఫీజు ఉండదు, దానికి ఆదాయం ఫారాలేవీ నింపక్కర్లేదు" అని మాటిస్తూ ఉత్తరం పంపారు, అమ్మానాన్నలకీ స్కూల్ ప్రిన్సిపాల్‌కీ కూడా విడిగా రాశారు. ఆ ఉత్తరం అందిన గుంపులో 68 శాతం మంది అప్లై చేశారు, అందని గుంపులో 26 శాతమే. చేరినవాళ్ళు 27 శాతం, 12 శాతం. అసలు సంగతేంటంటే ఉత్తరం రాని పిల్లల్లో కూడా చాలామందికి, అప్లై చేసి ఫారాలన్నీ నింపితే, దాదాపు అంతే సాయం వచ్చేది! డబ్బులో పెద్ద తేడా లేదు, ముందే మాటివ్వడంలోనే ఉంది తేడా అంతా.

ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం.

స్కాలర్‌షిప్ కాగితం మీద అన్నిటికంటే న్యాయంగా కనిపిస్తుంది, అవసరం ఉన్నవాళ్ళకే వెళ్తుంది, సరిగ్గా ఇస్తే గది అద్దెకీ తిండికీ కూడా పనికొస్తుంది. కానీ రెండు చిక్కులు. ఒకటి, ఖర్చు పెరిగినంత వేగంగా అది పెరగదు. అమెరికాలో పేద పిల్లలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ 1970ల మధ్యలో గవర్నమెంట్ కాలేజీ ఖర్చులో ముప్పావు వంతుకి పైగా భరించేది, ఇప్పుడు మూడో వంతు కూడా కష్టమే. రెండోది ఆలస్యం. ప్రతి ఏడూ అక్టోబర్‌లో రావాల్సిన అక్కడి దరఖాస్తు ఫారం 2023లో డిసెంబర్ చివర్లో వచ్చింది, అదీ బోలెడు తప్పులతో, దాంతో ఎవరికెంత వస్తుందో తేలడానికి నెలలు పట్టింది. నా రూమ్మేట్‌కీ ఇలాగే అయింది, స్కాలర్‌షిప్ శాంక్షన్ అయిందని లిస్టులో పేరు వచ్చింది, డబ్బు మాత్రం పరీక్షలైపోయాక పడింది. ఈలోపు పరీక్ష ఫీజు కోసం వాళ్ళమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టింది, వడ్డీతో కలిపితే ఆ ఏడాది ఆ స్కాలర్‌షిప్ వల్ల వాళ్ళకి మిగిలింది చాలా తక్కువ. అది దగ్గర్నుంచి చూశాను కాబట్టే ఈ విషయంలో నేను గట్టిగా మాట్లాడతాను.

ఫీజు మాఫీలో ఈ గొడవ లేదు, ఎవరూ ఏదీ రుజువు చేసుకోనక్కర్లేదు. జర్మనీలో 2005లో ఫీజులపై నిషేధం చెల్లదని కోర్టు తీర్పిచ్చాక కొన్ని రాష్ట్రాలు సెమిస్టర్‌కి 500 యూరోల దాకా వసూలు మొదలుపెట్టి, వ్యతిరేకత వచ్చేసరికి ఒక్కొక్కటే వెనక్కి తగ్గాయి, 2014లో ఆఖరి రాష్ట్రం కూడా తీసేసింది. ఉన్నవాళ్ళ పిల్లలకీ ఉచితమే కదా అంటారు, నిజమే, కానీ వాళ్ళ దగ్గర పన్ను రూపంలో తీసుకోవచ్చు. నాకు అంతకంటే పెద్ద లోటుగా కనిపించేది వేరే: ఫీజు లేనంత మాత్రాన చదువు ఉచితం అయిపోదు. స్వీడన్‌లో ట్యూషన్ ఫీజు లేదు, అయినా అక్కడి పిల్లలు బతుకు ఖర్చుకి అప్పు చేస్తారు. న్యూయార్క్‌లో 2017లో తెచ్చిన పథకం అయితే వేరే గ్రాంట్లు పోగా మిగిలిన ట్యూషన్‌కే ఇస్తుంది, అంటే బాగా పేదవాళ్ళకి పెల్‌తోనే ట్యూషన్ తీరిపోతే ఇక్కడ చేతికొచ్చేది ఏమీ ఉండదు, అద్దె అలాగే ఉంటుంది.

ఇక జీతాన్ని బట్టి కట్టే లోన్. ఆస్ట్రేలియా 1989లో పెట్టింది, బ్రూస్ చాప్‌మన్ అనే ఎకనామిస్ట్ రూపకల్పన. జీతం ఒక హద్దు దాటాకే పన్నుతో పాటు కోసుకుంటారు, దాటకపోతే అడగరు. బ్యాంక్ లోన్‌తో పోలిస్తే ఎంతో నయం, ఒప్పుకుంటాను. కానీ ఆ తలుపు ఒకసారి తెరిస్తే ఫీజు పెంచడం తేలికైపోతుంది. ఇంగ్లాండ్‌లో 1998లో ఫీజు 1,000 పౌండ్ల దాకా, అప్పటికి అది ముందే చేతి నుంచి కట్టాలి; 2006లో ఫీజుకి ఇలాంటి లోన్ పెట్టి 3,000 దాకా చేశారు, 2012లో 9,000 దాకా. 2016లో కొత్తగా చేరేవాళ్ళకి బతుకు ఖర్చుల గ్రాంట్ కూడా తీసేసి దాన్నీ లోన్ చేశారు, దాంతో ఇంటి నుంచి ఏమీ రాని పిల్లలే అందరికంటే ఎక్కువ అప్పుతో బయటికి రావాల్సి వచ్చింది.

పార్ట్‌టైమ్ పని చేసి చదువుకోవడం, దూరవిద్య, ఇవి కొందరికి సరిపోతాయి, కానీ ఒక దేశం మొత్తానికి దారి అని చెప్పలేను.

ఒక్కటే ఎంచుకోమంటే నేను ఫీజు మాఫీ అంటాను, దానితో పాటు పేద పిల్లలకి నెలనెలా ఖర్చుల డబ్బు. జర్మనీలో 1990 నుంచి సగం గ్రాంట్, సగం వడ్డీలేని అప్పుగా ఇస్తున్నారు, కనీసం అలాగైనా. రెండిటికీ నిధులు చాలవు అంటే, ముందు పేద పిల్లల వరకైనా ఫీజు తీసేసి, ఆ మాట స్కూల్లో ఉండగానే చెప్పాలి. పేదవాళ్ళెవరో తేల్చడానికి మళ్ళీ సర్టిఫికెట్లు కావాలి కదా అని ఒకరు అడిగారు. మిషిగన్‌వాళ్ళు పిల్లల్ని ఏమీ అడగలేదు, స్కూల్లో ఉచితంగానో తక్కువ ధరకో భోజనానికి అర్హత ఉన్న పిల్లల లిస్టు రాష్ట్రం దగ్గర ముందే ఉంది, దాన్ని చూసే ఉత్తరాలు పంపారు.