మొదటి రాత్రి టెలిస్కోప్ ఎటు తిప్పాలి: చంద్రుడా, గ్రహాలా, నెబ్యులానా?

నన్నడిగితే మొదటి రాత్రికి చంద్రుడే. అదీ పౌర్ణమి చంద్రుడు కాదు, శుక్ల సప్తమి, అష్టమి నాటి సగం చంద్రుడు.

పౌర్ణమి నాడు ఎండ చంద్రుడి మీద మన వైపు నుంచి సూటిగా పడుతుంది. నీడలు ఉండవు కాబట్టి కొండలు, బిలాలు (గుండ్రటి గుంతలు) అన్నీ చదునుగా, తెల్లగా ఉంటాయి. పైగా కళ్లు జిగేల్మంటాయి. సగం చంద్రుడిలో వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర ఎండ ఏటవాలుగా పడుతుంది, చిన్న గుట్టకు కూడా పొడవాటి నీడ ఉంటుంది. అక్కడ అడుగంతా నల్లగా ఉండి, నడుమ శిఖరం కొసకు మాత్రం ఎండ తగిలి మెరిసే బిలం కోసం వెతకండి. దొరికితే గంటాగి మళ్లీ చూడండి, ఆ మెరుపు కాస్త పెద్దదై ఉంటుంది. అక్కడ తెల్లవారుతోందన్నమాట! ఇంతకన్నా మంచి ఆరంభం నాకు తెలీదు.

గ్రహాలది రెండో స్థానం. అందం తక్కువై కాదు, పట్టుకోవడం కష్టమై. 700 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (ముందున్న కటకం లేదా అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరం) ఉన్న టెలిస్కోప్‌కి 25 మి.మీ. ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పెడితే 28 రెట్లు, 10 మి.మీ. పెడితే 70 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు ముందే 10 పెట్టేస్తారు. భూమి తిరుగుతుంటుంది కదా, మామూలు 10 మి.మీ. ఐపీస్‌లో అయితే మధ్యకు తెచ్చిన గ్రహం నిమిషంన్నరలోపే అంచు దాటిపోతుంది. ఇక టెన్షన్ మొదలు. ముందు 25తో పట్టుకుని, మధ్యకు తెచ్చాకే 10కి మారండి. ఫైండర్‌ని (టెలిస్కోప్ పక్కన గురి చూసుకోవడానికి ఉండే చిన్న పరికరాన్ని) పగలే ఏదైనా దూరపు స్తంభం మీద సరిచేసి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పొద్దు, చూపు పోతుంది.

గురుడా, శనా అంటే ముందు గురుడు. 1610 జనవరిలో గెలీలియో చూసిన నాలుగు ఉపగ్రహాలు 28 రెట్లకే వరసగా కనిపిస్తాయి, మర్నాటికి ఆ వరస మారిపోతుంది. శని వలయాలు 2025లో అంచు మనవైపు తిరిగి సన్నటి గీతలా అయిపోయాయి, ఇప్పుడు ఏటేటా మళ్లీ తెరుచుకుంటున్నాయి.

నెబ్యులా, అంటే అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం, ఆఖరికి. ఫొటోల్లోని ఎరుపు, నీలం కోసం చూస్తే నిరాశే, మసక వెలుతురులో మన కంటికి రంగులు తెలియవు. సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలోని ఓరియన్ నెబ్యులా కూడా బూడిదరంగు మరకలాగే ఉంటుంది. చంద్రుడు లేని రాత్రి చూసుకుని, అరగంట పాటు ఫోన్ ముట్టకుండా కళ్లను చీకటికి అలవాటు పడనివ్వండి. తర్వాత 25 మి.మీ. ఐపీస్‌లో సూటిగా కాకుండా కాస్త ఓరగా చూస్తే మరక అంచులు ఇంకా దూరం పాకుతాయి. అప్పుడు 10 పెట్టండి. మరక నడుమ నాలుగు నక్షత్రాలు విడివిడిగా తేలితే ఫోకస్ కుదిరినట్టే.